బ్యూరెట్ ఎవరి చేతిలో ఉంది?

పోయిన వారం ఒక రాత్రి పదిన్నరకి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. డిగ్రీ రెండో సంవత్సరం, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, కెమిస్ట్రీ. "అక్కా, నా వల్ల కాదే, ల్యాబ్‌లో నాకు తగిలిన పార్ట్‌నర్‌తో వేగలేకపోతున్నా" అని మొదలుపెట్టి ముప్పావుగంట చెప్పింది. ఆ అమ్మాయి లేటుగా వస్తుందట, వచ్చినా స్టూల్ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటుందట, చివరి పది నిమిషాల్లో లేచొచ్చి రీడింగ్స్ ఫొటో తీసుకుని వెళ్ళిపోతుందట. మొన్న ఇంటర్నల్స్‌లో ఇద్దరికీ ఒకే మార్కులు పడ్డాయి. అదీ అసలు మంట.

అంతా విని ఒక్క మాట అడిగాను. ఈ సెమిస్టర్‌లో ఆ పిల్ల చేతికి బ్యూరెట్ ఎన్నిసార్లు ఇచ్చావే? (బ్యూరెట్ అంటే గీతలు కొట్టి, కింద కుళాయి ఉన్న పొడవాటి గాజు గొట్టం, ద్రావణాన్ని చుక్క చుక్కగా వదిలి కొలిచేది.)

కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత మెల్లగా, "ఇస్తే పాడు చేస్తుంది కదక్కా" అంది.

ఈ ఒక్క ముక్క మీదే ఈ పోస్ట్ రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి. ఎందుకంటే ఒకప్పుడు ఆ స్టూల్ మీద కూర్చున్న అమ్మాయిని నేనే.

మా కాలేజీలో పార్ట్‌నర్‌ని మనం ఎంచుకునేది లేదు, రోల్ నంబర్ వరసలో పక్కన ఎవరుంటే వాళ్ళే. నా పక్క నంబరు మా క్లాస్ టాపర్. మొదటి వారమే చెప్పేసింది, "నీ చేతిరాత బావుంటుంది కదా, నువ్వు రాయి, నేను చేస్తా" అని. నాకూ హాయిగానే ఉంది, యాసిడ్ అంటే భయం, గాజు సామాను పగిలితే డబ్బులు కట్టమంటారని ఇంకా భయం. అలా మూడేళ్ళు ఆవిడ చేసింది, నేను రాశాను. నా రికార్డు చూస్తే ముచ్చటేసేది, ఎడమ పక్క తెల్ల పేజీలో పెన్సిల్‌తో బొమ్మలు, కుడి పక్క గీతల పేజీలో ప్రొసీజర్, హెడ్డింగుల కింద స్కేలు పెట్టి కొట్టిన గీతలు. మేడమ్ క్లాసంతటికీ ఎత్తి చూపించేవారు.

ఫైనల్ ప్రాక్టికల్‌లో ఎవరి బల్ల వాళ్ళదే. నాకు పొటాషియం పర్మాంగనేట్, ఆక్సాలిక్ ఆమ్లం టైట్రేషన్ పడింది, అంటే ఫ్లాస్క్‌లోని ఆక్సాలిక్ ఆమ్లంలోకి బ్యూరెట్ నుంచి పర్మాంగనేట్‌ని చుక్కలుగా వదులుతూ, గులాబీ రంగు నిలబడే దాకా ఎంత పట్టిందో కొలవాలి. ఫ్లాస్క్‌ని 60, 70 డిగ్రీల వరకు వేడి చేయాలని నా రికార్డులో నా చేత్తోనే, రంగు స్కెచ్‌తో అండర్‌లైన్ కూడా కొట్టి రాశాను. కానీ చేయలేదు. రాయడం వేరు, చేతికి రావడం వేరు కదా. చల్లగా ఉన్నప్పుడు ఆ రియాక్షన్ మొదట్లో చాలా నెమ్మది, రంగు వెంటనే పోదు, కాస్త మాంగనీస్ అయాన్లు తయారయ్యాక అవే రియాక్షన్‌ని తోస్తాయి, అప్పుడు వేగం అందుకుంటుంది. ఇవేవీ గుర్తు రాలేదు. మొదటి నాలుగు చుక్కలకే గులాబీ రంగు వచ్చి నిలబడేసరికి ఎండ్ పాయింట్, అంటే రియాక్షన్ పూర్తయిన చోటు, వచ్చేసిందని సంబరపడి 0.3 మిల్లీలీటర్లు అని రాశాను. ఎక్స్‌టర్నల్ సర్ ఆ కాగితం చూసి నా మొహం చూసి మళ్ళీ కాగితం చూసి, "సున్నా పాయింట్ మూడా అమ్మా?" అన్నారు. ఆ గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది.

మరి మా టాపర్? రీడింగ్ అద్దంలా వచ్చింది. వైవాలో, ఇందులో సల్ఫ్యూరిక్ యాసిడే ఎందుకు పోస్తాం, హైడ్రోక్లోరిక్ ఎందుకు పోయం అని అడిగితే నోరు పెగల్లేదు. క్లోరైడ్‌ని కూడా పర్మాంగనేట్ ఆక్సీకరణం చేసి క్లోరిన్ చేస్తుంది, లెక్క తప్పుతుంది, అంతే జవాబు. తను ఎప్పుడూ రాయలేదు కాబట్టి ఎప్పుడూ ఆలోచించలేదు. ఇద్దరం కలిసి ఒక మనిషిగా బాగానే ఉన్నాం, విడదీస్తే ఇద్దరం సగం సగమే.

అందుకే "నేనే అంతా చేస్తున్నా" అని ఏడ్చేవాళ్ళని చూస్తే నాకు పూర్తిగా జాలి రాదు. అంతా చేయడంలో ఒక రుచి ఉంది, అది మనం ఒప్పుకోం. పక్కవాళ్ళ చేతిలోంచి పిపెట్ (ద్రావణాన్ని కొలిచి తీసే గాజు గొట్టం) లాక్కోవడం, "ఆగు ఆగు నేను చేస్తా" అనడం, ఆ తర్వాత సాయంత్రం బస్సులో స్నేహితులకి కష్టాలు చెప్పుకోవడం. రెండు వారాలు ఇలా లాక్కుంటే మూడో వారానికి ఎవరైనా ఫోనే చూసుకుంటారు.

అలాగని నిజంగా పని దొంగలు లేరని కాదు, బోలెడుమంది. ముఖ్యంగా అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసిన బ్యాచ్‌లో "నువ్వు బొమ్మలు బాగా వేస్తావు కదా" అని రికార్డు మొత్తం అమ్మాయి నెత్తిన పెట్టి, బ్యూరెట్ దగ్గర ముగ్గురు అబ్బాయిలు గుమిగూడటం నేను కళ్ళారా చూశాను. పొగడ్త అనుకుని మోయకండి తల్లీ. మీ బొమ్మలు మీవి, వాడి బొమ్మలు వాడివి.

ఇంకో పెద్ద రోగం ఉంది. మన దగ్గర ఇది ఇంటర్‌లోనే అంటుకుంటుంది. రెండో ఏడాది ప్రాక్టికల్స్ ఒక్కో సబ్జెక్టుకి 30 మార్కులు, వాటి కోసం చాలా ప్రైవేటు కాలేజీల్లో ఏడాదంతా ఎంట్రన్స్ బిట్లు రుద్ది, పరీక్షకి కొన్ని రోజుల ముందు ల్యాబ్ తాళం తీస్తారు. సాల్ట్ నీలంగా ఉంటే కాపర్ అని కళ్ళతోనే తేల్చేసి, టెస్టులన్నీ చేసినట్టు రాసేయడం అక్కడే నేర్చుకుంటాం. సింపుల్ పెండ్యులమ్‌లో జీ (గురుత్వ త్వరణం) విలువ 980 వచ్చేలా డోలన కాలాన్ని వెనక నుంచి లెక్కగట్టని వాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి. నేనైతే ఎత్తలేను. టైట్రేషన్‌లో మూడు రీడింగులూ 20.1, 20.1, 20.1. బ్యూరెట్ మీద గీతే 0.1 మిల్లీలీటరుకి ఒకటి ఉంటుంది, మనిషి చేత్తో చేసింది మూడుసార్లూ అచ్చు గుద్దినట్టు రావడం ఎప్పుడో ఒకసారి జరగొచ్చు, క్లాసులో నలభై మందికీ జరుగుతుందా?

ఇప్పుడు నేను హైదరాబాద్ శివార్లలో ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో చేస్తున్నా, తొమ్మిదేళ్ళయింది. ఏటా డిగ్రీ, ఎమ్మెస్సీ అయిపోయి కొత్తగా చేరే పిల్లలు వస్తారు, మన రెండు రాష్ట్రాల వాళ్ళే ఎక్కువ. మొదటి నెల వాళ్ళకి నేర్పడం కంటే మరిపించడమే పెద్ద పని. వెయింగ్ బ్యాలెన్స్ దగ్గర చిత్తు కాగితం తీసి బరువు రాసుకుంటారు, తర్వాత తీరిగ్గా ఫెయిర్ చేద్దామని. కాలేజీలో అది మంచి అలవాటు! ఇక్కడ ఆ చిత్తు కాగితం ఆడిటర్ కంట పడితే కొంపలంటుకుంటాయి. చేసిన క్షణంలోనే, అసలు షీటులోనే, పెన్నుతోనే రాయాలి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, కింద ఉన్న అంకె కనపడేలా ఉంచి, పక్కన సంతకం, తేదీ, కారణం. వైట్‌నర్ గేటు లోపలికే రాకూడదు. మందులో ఏది ఎంత ఉందో విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్‌లోకి ఒక్కసారి శాంపిల్ ఎక్కించినా ఆడిట్ ట్రెయిల్‌లో, అంటే కంప్యూటర్ తనంతట తానే రాసుకునే చిట్టాలో పడుతుంది, నచ్చలేదని తీసేయడానికి లేదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ డేటా ఇంటెగ్రిటీ (రికార్డుల నిజాయితీ) మీద 2018 డిసెంబర్‌లో ప్రత్యేకంగా గైడెన్స్ కూడా ఇచ్చింది. మందు వేసుకునేవాడికి మన 20.1తో పని లేదు, ఆ బిళ్ళలో నిజంగా ఎంత ఉందో దానితోనే పని.

కలవని రీడింగ్ అంటే మనకి అంత భయం దేనికో. రేలీ అనే ఫిజిక్స్ శాస్త్రవేత్త ఇంగ్లండులో నైట్రోజన్ సాంద్రత కొలుస్తుంటే, గాలి నుంచి తీసినది ఒకలా, అమ్మోనియా లాంటి రసాయనాల నుంచి చేసినది ఇంకోలా వచ్చింది. లీటరుకి 1.2572 గ్రాములు ఒకటి, 1.2505 ఇంకొకటి. ఎంత తేడా? అర శాతం. మన ల్యాబ్‌లో అయితే కొట్టేసి కలిపేసేవాళ్ళం, మేడమ్ వెరీ గుడ్ పెట్టేవారు. ఆయన మాత్రం తేడా మొదట కనపడినప్పుడే, ఇది ఎందుకో ఎవరికైనా తడితే చెప్పండని 1892లో నేచర్ పత్రికకి ఉత్తరం రాశాడు. తర్వాత రామ్సే అనే కెమిస్ట్రీ శాస్త్రవేత్త కూడా పట్టుకున్నాడు, ఇద్దరూ ఎవరి ల్యాబ్‌లో వాళ్ళు చేస్తూ ఉత్తరాలు రాసుకున్నారు, 1894లో గాలిలో దాగి ఉన్న ఆర్గాన్ అనే కొత్త వాయువు బయటపడింది. 1904లో ఒకరికి ఫిజిక్స్ నోబెల్, ఒకరికి కెమిస్ట్రీ నోబెల్. అర శాతం తేడాలో రెండు నోబెళ్ళు!

మళ్ళీ పార్ట్‌నర్ దగ్గరికి వస్తా. మా చెల్లికి చెప్పింది ఇది. మేడమ్‌కి చెప్పడానికి ముందు ఆ అమ్మాయితో మాట్లాడు, ల్యాబ్‌లో అందరి ముందు కాదు, క్యాంటీన్‌లో. "నువ్వేం చేయట్లేదు" అనకు, గొడవ తప్ప ఏం రాదు. "వచ్చే వారం టైట్రేషన్ నువ్వు చెయ్యి, నేను రాస్తా, పై వారం మార్చుకుందాం" అను. మార్చుకోవడం మాత్రం ఖచ్చితంగా ఉండాలి. తను చేస్తున్నప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడు, పాడైతే ఒక పూట పాడవుతుంది, అంతేగా. ఒక రెండు వారాలు చూసి అప్పటికీ రాకపోతే, ఫొటో ఇవ్వకు. ఇది చెప్పినప్పుడు "అలా ఎలా అక్కా, ఫీలవుతుంది" అంది. ఫీలవనీ. అప్పటికీ మారకపోతే మేడమ్ దగ్గరికి వెళ్ళు, కానీ తేదీలతో వెళ్ళు, ఏ రోజు ఎవరు ఏం చేశారో అబ్జర్వేషన్ బుక్ మూల చిన్నగా రాసి పెట్టుకో. వాళ్ళ బయోకెమిస్ట్రీ రికార్డులో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవడానికి ఫిస్కే, సుబ్బారావు అనే ఇద్దరి పేర్లతో ఉన్న పద్ధతి ఉంది, 1925 నాటిది, మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారే. వందేళ్ళయినా రెండు పేర్లు కలిపే పలుకుతున్నాం. నీ పేజీ మీదా రెండు పేర్లున్నాయి కదా, రెండోది ఊరికే ఉండకుండా చూసే పని సగం నీది కూడా.

ఇక పనికొచ్చే చిన్న విషయాలు, గబగబా. ముందు రాత్రి ప్రొసీజర్ చదివి టేబుల్ గీసుకుని వెళ్ళండి, ల్యాబ్‌లో గీతలు కొట్టేవాడికి మూడు గంటలూ చాలవు. బ్యూరెట్‌నీ పిపెట్‌నీ అందులో పోయబోయే ద్రావణంతోనే కడగాలి, కోనికల్ ఫ్లాస్క్‌ని మాత్రం ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో. ఇది తిరగేస్తే రోజంతా లెక్క కలవదు. బ్యూరెట్ కింది ముక్కులో గాలి బుడగ ఉందేమో చూడండి, మధ్యలో జారిపోతే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. పైన గరాటు తీసేయండి. మొదలు సున్నా దగ్గరే ఉండాలని ఎక్కడా లేదు, 1.4 దగ్గర మొదలైనా 1.4 అనే రాయండి. పిపెట్ చివర మిగిలిన చుక్కని ఊదకండి, అది లెక్కలో తీసేసి ఉంటుంది. నైట్రేట్ టెస్టులో బ్రౌన్ రింగ్ రాకపోతే ముందు ఫెర్రస్ సల్ఫేట్ అప్పటికప్పుడు కలిపిందో నిన్నటిదో అడగండి, యాసిడ్‌ని గోడ వారగా పోయండి, ఊపకండి.

ఇదంతా రాస్తుండగా ఇందాక మా చెల్లి దగ్గర నుంచి వాట్సాప్ వచ్చింది. అబ్జర్వేషన్ పేజీ ఫొటో. కొత్త చేతిరాత, కొంచెం వంకరగా ఉంది. 19.8, 20.4, 20.0. కింద మెసేజ్: "అక్కా, తనే చేసింది, రీడింగ్స్ కలవట్లేదు, ఏం చేయమంటావు?"

నాలుగోసారి చేయమను, నువ్వు ముట్టుకోకు అని పెట్టాను.

ఇంకా బ్లూ టిక్ పడలేదు.