చేతులెత్తేసిన పార్లమెంటు

జర్మన్ ప్రజలే ఓట్లేసి హిట్లర్‌ను గద్దెనెక్కించారన్న మాట తరచూ వినబడుతుంది. అది సగం నిజమే. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ నాజీ పార్టీకి మెజారిటీ రాలేదు. 1932 జులైలో 37 శాతం ఓట్లతో, 230 సీట్లతో అతి పెద్ద పార్టీగా నిలిచినా, నవంబరు ఎన్నికల్లో 33 శాతానికి, 196 సీట్లకు జారింది. బలం తగ్గుతున్న ఆ పార్టీ నాయకుణ్ని 1933 జనవరి 30న ఛాన్సలర్‌ను, అంటే ప్రభుత్వాధినేతను చేసింది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్, ఆయన చుట్టూ చేరిన కొద్దిమంది పెద్దలు. మంత్రివర్గంలో హిట్లర్ కాక నాజీలు ఫ్రిక్, గోరింగ్ ఇద్దరే కాబట్టి అతణ్ని గుప్పిట్లో పెట్టుకోవచ్చని వైస్ ఛాన్సలర్ పాపెన్ నమ్మాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీపై రుద్దిన వర్సాయి సంధి అవమానం, 1923 నాటి ద్రవ్యోల్బణం ఇందుకు దారితీశాయని చెబుతారు. కాదనలేం. కానీ ఆ రెండూ జరిగిపోయాక, 1928 ఎన్నికల్లో నాజీలకు పడినవి 2.6 శాతం ఓట్లే. ఆ తర్వాతి అయిదేళ్లలో ఏం జరిగిందన్నదే అసలు ప్రశ్న. ఆర్థిక మాంద్యం ఒక జవాబు. 1932 ఆరంభానికి నిరుద్యోగుల సంఖ్య 60 లక్షలకు చేరింది. రెండో జవాబు పార్లమెంటులోనే ఉంది. దాని గురించి మాట్లాడేవారు తక్కువ.

1930 మార్చిలో సోషల్ డెమోక్రాట్ హెర్మన్ ముల్లర్ సంకీర్ణ ప్రభుత్వం కూలిపోయింది. నిరుద్యోగ బీమా చందాను అర శాతం పెంచాలా వద్దా అన్నది తగాదా. అంత చిన్న విషయంలో పార్టీలు పట్టువిడుపులకు సిద్ధపడలేదు. తర్వాత వచ్చిన ఛాన్సలర్ బ్రూనింగ్‌కు సభలో మెజారిటీ లేదు. అధ్యక్షుడికి అత్యవసర అధికారాలిచ్చే, రాజ్యాంగంలోని 48వ అధికరణ కింద ఆయన సంతకంతో బడ్జెట్‌ను అత్యవసర ఉత్తర్వుగా తెచ్చాడు. సభ దాన్ని తిరస్కరించింది, ఆ హక్కు దానికుంది. వెంటనే సభనే రద్దు చేశారు. ఆ సెప్టెంబరులో జరిగిన ఎన్నికల్లో నాజీల బలం 12 సీట్ల నుంచి 107కు ఎగబాకింది. సభకు ఇంకా రెండేళ్ల గడువుంది. ఆ ఎన్నికను జర్మనీ కొని తెచ్చుకుంది.

ఆ తర్వాత మళ్లీ ఎన్నికలొస్తే నాజీలు ఇంకా పెరుగుతారన్న భయంతో సోషల్ డెమోక్రాట్లు బ్రూనింగ్ ఉత్తర్వులను సహిస్తూ పోయారు. వాళ్ల భయం అర్థమవుతుంది. కానీ ఫలితం చూడండి. 1932లో జర్మన్ పార్లమెంటు రైష్‌స్టాగ్ సమావేశమైంది 13 రోజులు, చేసిన చట్టాలు అయిదు, అధ్యక్షుడి సంతకంతో వెలువడిన ఉత్తర్వులు 60 పైచిలుకు. అదే ఏడాది జులై 20న దేశంలో సగానికి పైగా ఉన్న ప్రష్యా రాష్ట్ర ప్రభుత్వాన్ని అప్పటి ఛాన్సలర్ పాపెన్ ఒక్క ఉత్తర్వుతో ఇంటికి పంపాడు. హిట్లర్ వచ్చేనాటికి సంతకంతో పాలించడం అధికారులకూ కోర్టులకూ జనానికీ అలవాటైపోయింది.

ఆ అలవాటును అతను తుదికంటా వాడుకున్నాడు. 1933 ఫిబ్రవరి 27 రాత్రి రైష్‌స్టాగ్ భవనం తగలబడింది. మర్నాడే అదే 48వ అధికరణ కింద వాక్ స్వాతంత్ర్యం, పత్రికా స్వేచ్ఛ, సభలు పెట్టుకునే హక్కు, ఉత్తరాల గోప్యత రద్దయ్యాయి. నాజీ పాలన అంతమయ్యేదాకా ఆ ఉత్తర్వు అమల్లోనే ఉంది. మార్చి 23న క్రోల్ ఒపేరా హాల్లో, లోపలా బయటా నాజీ పార్టీ తుఫాను దళాల బెదిరింపుల మధ్య, చట్టాలు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి అప్పగించే బిల్లు వచ్చింది. కమ్యూనిస్టు సభ్యులను సభకు రానివ్వలేదు. వారిలో పలువురు అప్పటికే జైళ్లలో ఉన్నారు. హిట్లర్ రాతపూర్వక హామీ ఇస్తాడన్న మాట నమ్మి కేథలిక్కుల సెంటర్ పార్టీ అనుకూలంగా ఓటేసింది. ఆ హామీ పత్రం ఎన్నడూ రాలేదు. తర్వాత పశ్చిమ జర్మనీకి తొలి అధ్యక్షుడైన థియోడర్ హాయిస్ కూడా ఆ రోజు అనుకూలంగా ఓటేసినవారిలో ఒకరు. 'మా స్వేచ్ఛనూ ప్రాణాలనూ తీసుకోగలరు, మా గౌరవాన్ని తీసుకోలేరు' అని సోషల్ డెమోక్రాట్ నాయకుడు ఓటో వెల్స్ లేచి చెప్పారు. వ్యతిరేకంగా పడిన 94 ఓట్లూ ఆయన పార్టీవే. అనుకూలంగా పడినవి 444. జులైకల్లా నాజీ పార్టీ తప్ప మరే పార్టీ మిగల్లేదు.

ఇదంతా మనకు దూరపు చరిత్ర కాదు. మన రాజ్యాంగ సభలో అత్యవసర అధికారాలపై చర్చ జరిగినప్పుడు సభ్యుడు హెచ్.వి. కామత్ ఆ 48వ అధికరణ ఉన్న జర్మనీ వైమార్ రాజ్యాంగాన్నే గుర్తుచేసి హెచ్చరించారు. 1975లో ఎమర్జెన్సీ వచ్చింది. నిర్బంధితుల పక్షాన కోర్టుకెళ్లే దారి కూడా మూసుకుపోయింది. ఎమర్జెన్సీలోనూ ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ ఉన్న రక్షణను నిలిపివేయరాదన్న నియమం 1978లో 44వ సవరణతో గానీ రాలేదు. సభలు నామమాత్రంగా కూర్చుని, బిల్లులు చర్చ లేకుండా మూజువాణి ఓటుతో గట్టెక్కిన ప్రతిసారీ, ఏ పార్టీ అధికారంలో ఉన్నా, మేం అభ్యంతరం చెబుతున్నది ఇందుకే. ఇకముందూ చెబుతాం.