సవరణ: జెనీవాకు ఫిర్యాదు సంగతి
కావలిలోనో ఒంగోలులోనో లాకప్‌లో దెబ్బలు తిన్న మనిషి, ఇక్కడి కోర్టుల్లో న్యాయం దొరక్కపోతే జెనీవాలోని ఐరాస మానవ హక్కుల కమిటీకి ఫిర్యాదు పెట్టుకోవచ్చని మొన్నటి పోస్టులో రాశాం. అది తప్పు. ఆ కమిటీకి ఆధారమైన పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో భారత్ 1979లో చేరింది గానీ, వ్యక్తుల ఫిర్యాదులకు దారి తెరిచే దాని అనుబంధ ఒప్పందం, అంటే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో చేరలేదు. యూరప్‌కు స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు ఉన్నట్టు ఆసియాకు ప్రాంతీయ కోర్టూ లేదు. అక్రమ నిర్బంధమైతే, అలాంటి కేసులు చూసే ఐరాస నిపుణుల వర్కింగ్ గ్రూప్‌కు రాయొచ్చు. దాని మాట ప్రభుత్వాన్ని కట్టిపడేయదనుకోండి.

మన దగ్గరున్నది జాతీయ మానవ హక్కుల కమిషన్. ఫీజు లేదు, ఘటన జరిగిన ఏడాదిలోపు పెట్టాలి. చాలామంది రాష్ట్ర కమిషన్‌లో వేసి, అది తేలకముందే ఢిల్లీలోని జాతీయ కమిషన్‌కూ పంపుతారు. 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఆ రెండోదాన్ని విచారించరు.