తెర ఉంది, కిటికీ సంగతి అడగవద్దు

హోటల్ గదిని ఆన్‌లైన్‌లో బుక్ చేసుకునే వ్యవస్థ కంటికి ఇంపుగానూ వాడుకకు సులువుగానూ ఉండాలన్న విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. ఎవరి వాడుకకు అన్నదొక్కటే చిక్కు ప్రశ్న. దాన్ని డిజైనర్లు ఏనాడో తేల్చుకున్నారు, మనకు చెప్పడం మాత్రం మరిచిపోయారు. ముప్పై నలభై గదులు బుక్ చేసి, వాటిలో కొన్నింటిలో నిజంగానే నిద్రపోగలిగిన అనుభవంతో, ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారికి పనికివస్తాయని నాలుగు మాటలు రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఫొటో. గోడ మూలకు వీపు ఆనించి వైడ్ యాంగిల్ లెన్స్‌తో తీస్తే దగ్గరి వస్తువు పెద్దదై, దూరపు వస్తువు మరింత దూరం జరుగుతుంది కనుక, నాలుగడుగులు వేస్తే అయిపోయే గది కూడా కల్యాణ మండపంలా సాగుతుంది. ఇందులో అబద్ధమేమీ లేదు, భౌతికశాస్త్రం ఉంది. ఒకసారి నేను ఎంచుకున్న గది ఫొటోలో నేలను తాకే నిండైన తెర, దాని అంచుల వెంట తేనెరంగు వెలుతురు ఉన్నాయి. వెళ్లి తెర లాగితే వెనుక గోడ, గోడకు ఒక ట్యూబ్‌లైట్ కనిపించాయి. కౌంటర్‌లోని యువకుణ్ణి అడిగితే, "కిటికీ ఉందని వివరాల్లో ఎక్కడా రాయలేదు కదండీ" అన్నాడు ఎంతో మర్యాదగా. చదివి చూశాను. నిజమే, అలంకరణ తెరలు అని మాత్రమే ఉంది.

ఫొటో మోహంలో ఉన్నవాడికి ఆలోచించే వ్యవధి ఇవ్వడం అమానుషం. అందుకే "ఒక్క గదే మిగిలింది" అని ఎర్రక్షరాలు వెలుగుతాయి. హోటల్ తన గదులను పలు సైట్లకు పంచుతుంది కాబట్టి, ఆ ఒక్కటీ ఈ సైటు వాటాలో, ఈ ధరకు మిగిలినది కావచ్చు. ఆ వివరణ ఎర్రక్షరాల్లో పట్టదు. దాని పక్కనే "ఇప్పుడు 14 మంది ఈ హోటల్‌ను చూస్తున్నారు" అన్న హెచ్చరిక వస్తుంది. ఆ పద్నాలుగురూ ఏయే తేదీలకు చూస్తున్నారో ఎవరికి తెలుసు? బ్రిటన్‌లోని పోటీ, మార్కెట్ల నియంత్రణ సంస్థకు ఈ సందేహమే వచ్చి, 2019లో పేరున్న 6 బుకింగ్ సైట్ల చేత, ఇతరులు వేరే తేదీలకు వెతుకుతూ ఉండవచ్చని స్పష్టం చేస్తామన్న హామీ తీసుకుంది. కళాహృదయం లేని అధికారులు!

ఇక, "ఇంకా పది నిమిషాలే" అంటూ వెనక్కి లెక్కపెట్టే తిరుగు గడియారం. న్యాయంగా చెప్పాలంటే దానికి అసలైన పని ఒకటి ఉంది. ఒకే గదిని ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే గొడవ రాకుండా, మొదటివాడు డబ్బు కట్టేదాకా సర్వరు కొన్ని నిమిషాలు ఆ గదిని పట్టి ఉంచాలి. కాని ఆ గడియారాన్ని గదుల లెక్కతో ముడిపెట్టాలంటే శ్రమ. అదే గడియారాన్ని స్క్రీన్ మీద మాత్రమే ఆడిస్తే శ్రమ లేదు, భయం మాత్రం అంతే. పేజీని రిఫ్రెష్ చేసి చూడండి, పది నిమిషాలు మళ్లీ మొదలైతే అది ఏ రకం గడియారమో తెలిసిపోతుంది.

ధర విషయంలో సంయమనం అవసరం. మొదటి పేజీలో గది అద్దె ఒక్కటే లావుగా ఉండాలి. పేరు, ఫోను, పిల్లల వయసులు, వచ్చే వేళ అన్నీ నింపాక, చివరి పేజీలో పన్నులూ సేవా రుసుమూ ఒక్కొక్కటిగా దర్శనమివ్వాలి. అప్పటికి రోట్లో తల పెట్టినవాడు రోకటిపోటుకు వెరవడు. ఈ విద్యను 'డ్రిప్ ప్రైసింగ్' అంటారు. ఇలాంటి విద్యలన్నింటికీ హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ 2010లో 'డార్క్ ప్యాటర్న్స్' అని పేరు పెట్టి పరువు తీశాడు. అమెరికాలో 2025 మే 12 నుంచి, హోటళ్ల వంటి స్వల్పకాలిక బసలకు తప్పనిసరి రుసుములన్నీ కలిపిన ధరనే ముందు చూపాలన్న నిబంధన కూడా వచ్చింది. కొట్టివేసిన ధర అనే మరో అలంకారం ఉంది. అదే హోటల్‌లోని విలాసవంతమైన గది ధరను కొట్టేసి, పక్కన మామూలు గది ధర వేస్తే, ఆదా తనంతట తానే పుట్టుకొస్తుంది. ఈ అలంకారంతో పాటు, కమీషన్ ఎక్కువ ఇచ్చినవారి ధరలను పైకి ఎక్కించినందుకు కూడా, హోటల్ ధరలను పోల్చి చూపే ట్రివాగో సైటుకు ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు 2022లో 4.47 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది.

అసలు ప్రతిభ కనపడేది రద్దు దగ్గర. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంతి తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెబుతాయి. బుక్ చేసే బటన్‌కు ఆ నియమం పదింతలు పాటిస్తారు కనుక, సగటున చూస్తే రద్దు షరతులను తెలుపు మీద లేత బూడిదలో వేయడం తప్పు కాదు. గడువు హోటల్ ఉన్నచోటి సమయం ప్రకారం అన్న వాక్యం ఆ బూడిదలోనే ఉంటుంది.

మొన్న నేను ఒక బుకింగ్ వదులుకోవాలని ఆ బూడిదంతా గాలించి, కావలసిన లింకు పట్టుకున్నాను. "బుకింగ్‌ను రద్దు చేయాలా?" అని పెట్టె తెరుచుకుంది. కింద రెండు బటన్లు, "సరే", "రద్దు చేయండి". నాకు తెలుగు వచ్చునన్న ధీమాతో "రద్దు చేయండి" నొక్కాను. రద్దు చేయాలన్న నా కోరికను వ్యవస్థ వెంటనే రద్దు చేసి, "మీ గది మీ కోసం భద్రంగా ఉంది" అని అభినందించింది. కింద గది ఫొటో కూడా వేశారు. నేలను తాకే నిండైన తెర ఉంది.