దాణా బస్తాలో వచ్చే పశు సంరక్షణ వార్తలు గారికి

మహారాజశ్రీ కరపత్రం గారికి,

పర్లాకిమిడి నుంచి తమ పాఠకుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమూ, రెండావులూ, మేకలూ, నాలుగు కోళ్లూ, పెంచుతున్నామో అదే మమ్మల్ని పెంచుతోందో తెలియని ఒక వీధికుక్కా క్షేమం. తమరూ రంగులు వెలవకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ముందు కృతజ్ఞతలు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది మొదలు, ఏ ఆఫీసు కాగితం వచ్చినా చదివి పెట్టమని ఎవరినో ఒకరిని బతిమాలుకోవడం మాకు అలవాటే. తమరు మాత్రం నెలనెలా తవుడు వాసనతో వచ్చి తెలుగులో పలకరిస్తారు. అందుకే ఒక్క ముక్క వదలకుండా చదువుతాను. చదవబట్టే ఈ ఉత్తరం.

మొదటి పేజీలో ఆ జెర్సీ ఆవు ఉందే, దువ్వెనతో దువ్వినట్టున్న పచ్చికలో నిలబడి, పొదుగు నేలకి ఆనించి! కింద ఎర్రక్షరాల్లో ‘మీ ఆవుకు కాల్షియం లోపమా?’ అని ప్రశ్న. ఈనిన వెంటనే కాల్షియం పడిపోయి ఆవు కూలబడే పాలజ్వరం ఎక్కువగా బిందెలకొద్దీ పాలిచ్చే వాటికే వస్తుంది. వస్తే డాక్టరు నరానికి మందు ఎక్కించాలి. మా గౌరి నాటు ఆవు. దూడ తాగగా మాకు దక్కేది లీటరు. దానికి అంత గొప్ప రోగమా! అయినా మా ఇంటావిడ ఆ బొమ్మ చూసి, “మన గౌరికీ ఓ సీసా పట్టరాదేటండీ” అంది. పెద్ద పశువుకి రోజుకి 50 గ్రాముల మినరల్ మిక్చరు (ఖనిజ లవణాల పొడి), కాస్త ఉప్పు, పచ్చగడ్డి చాలన్న సంగతి తమ రెండో పేజీలో ఉంది లెండి. చీమ తలకాయంత అక్షరాల్లో, ఆఫర్ల మధ్య ఇరుక్కుని.

ఇక ‘గాలికుంటు సీజన్ వచ్చేసింది! అన్ని రకాల ఇంజెక్షన్లు లభించును’ అన్నారు. సీజన్ రావడానికి అదేమన్నా మామిడిపండా స్వామీ? గాలికుంటు వైరస్ జబ్బు. యాంటీబయాటిక్ వేస్తే వైరస్ చావదు. పుళ్లు చీము పట్టకుండా కాస్త ఆపుతుంది, అంతే. నోట్లోంచి తీగలు తీగలుగా చొంగ కారి, గిట్టల మధ్య పుళ్లు పడి, ఎద్దు కాలు విదిలించుకుంటూ నిలబడ్డాక తమ దగ్గర ఎన్ని రకాలుంటే ఏం లాభం? దానికి ముందే టీకా పడాలి, ఆరు నెలలకోసారి. 2019 నుంచి దేశమంతా ఆ టీకా కార్యక్రమం నడుస్తోంది. టీకా ఉచితం. చెవికి పసుపుపచ్చ బిళ్ల, దాని మీద 12 అంకెల నంబరు. మా గౌరి చెవిలో కూడా ఉంది. ఇంతకాలంగా తమరు వేసిన వార్తల్లో ఆ బిళ్ల ఊసు లేదు, పశువుల ఆస్పత్రి ఊసు లేదు, ఫోన్ చేస్తే బండి వచ్చే 1962 నంబరు లేదు. డబ్బు ఖర్చు కానిది తమ దృష్టిలో వార్త కాదు కాబోలు.

పైగా మేము సరిహద్దు వాళ్లం. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఆంధ్రా. ఆ పక్క ఎడ్లూ ఈ పక్క ఎడ్లూ సంతలో ఒకే తొట్టిలో నీళ్లు తాగుతాయి. రోగాన్ని ఆపి కాగితాలు అడిగే చెక్‌పోస్టు ఇంకా పెట్టలేదు. సంత నుంచి తెచ్చిన పశువుని రెండు మూడు వారాలు విడిగా కట్టమని ఒక్క వాక్యం వేస్తే ఎంత బాగుండేది! అక్కడ ‘సంత స్పెషల్: రెండు టానిక్కులు కొంటే తాడు ఉచితం’ అని వేశారు. తాడు పనికొస్తుంది లెండి, విడిగా కట్టడానికి.

పశువుల ఒంటి మీద గడ్డలు లేపే లంపీ జబ్బుని ‘విదేశీ మహమ్మారి’ అన్నారు. అది మన దేశంలో మొదట బయటపడింది 2019లో, ఇదే ఒడిశాలో. తమ ‘స్థానిక వార్తలు’ శీర్షికకి అంతకంటే స్థానికమైన వార్త ఏం దొరుకుతుంది? దాన్ని మోసేవి ఈగలూ దోమలూ పిడుదులూ. సాల శుభ్రం చేసుకోండి అంటే సరిపోయేది. పేడ ఎత్తే తట్ట తమ కొట్లో అమ్మరనుకుంటాను.

పెంపుడు జంతువుల పేజీ మాత్రం మా ఇంట్లో అందరికీ ఇష్టం. ‘మీ లాబ్రడార్‌కు చాక్లెట్ పెట్టకండి’ అన్నారు. నిజమే, కుక్కకి చాక్లెట్ విషం. మా కుక్క జన్మలో చాక్లెట్ చూడలేదు. చారన్నం, పులుసన్నం తింటుంది. ఆ పులుసులో ఉల్లిపాయ కూడా కుక్కకి విషమేనని, రక్తం విరిగిపోతుందని తమరు రాయలేదు. పశువుల ఆస్పత్రి కాంపౌండరు గారు చెబితే తెలిసింది. రేబిస్ టీకా మాట కూడా ఆయనే చెప్పారు. తమరు చెప్పింది షాంపూ.

కోళ్ల కొక్కెర తెగులు గురించి రాసింది బాగుంది. టీకా మందుని ఐస్‌లో పెట్టుకుని తీసుకెళ్లాలన్నది కూడా వేస్తే ఇంకా బాగుండేది.

ఒక్కటి మాత్రం గట్టిగా అడగాలి. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందుని పశువులకి వెయ్యకూడదని 2006లోనే నిషేధించారు. ఆ సూది పడ్డ ఎద్దు చచ్చాక దాన్ని తిన్న రాబందు కిడ్నీలు పాడై చస్తుంది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరాయి. మెలాక్సికామ్ ఉంది కదా, డాక్టరు చెబితే అది వాడుకోవచ్చు. ఇంత పెద్ద సంగతి తమ పేజీల్లో ఎక్కడా కనబడలేదు. రాబందులు దాణా కొనవు, నిజమే.

వచ్చే నెల సంచికలో ఆ జెర్సీ ఆవుని కాస్త పక్కకి జరిపి, అంత చోటులో 1962 అని పెద్దక్షరాల్లో వేయించ ప్రార్థన. ఎర్ర రంగులోనే వేయండి, చదువుతారు.

ఇట్లు,
తమ విధేయ పాఠకుడు

తా.క. రెండు బస్తాలకి ఇస్తామన్న ప్లాస్టిక్ మగ్గు ఇంకా అందలేదు. అడిగితే కొట్టాయన పాతపట్నం నుంచి స్టాకు రావాలంటున్నారు.