రక్తపు వాంతికి ఎండోస్కోపీ వద్దనే సందేశానికి సమాధానం

రక్తం వాంతి చేసుకున్నా, తారులా నల్లగా విరేచనమైనా ఎండోస్కోపీ (నోటి ద్వారా కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి లోపల చూసే పద్ధతి) చేయించుకోవద్దని చెప్పే సందేశమొకటి చాలామంది ఫోన్లలో తిరుగుతోంది. అందులోని వాదం ఇది: ఇటువంటి రక్తస్రావం పదిమందిలో ఎనిమిది మందికి దానంతటదే ఆగిపోతుంది, ఎండోస్కోపీ లోపల ఏముందో చూడటానికే తప్ప వైద్యానికి పనికిరాదు, పైగా గొట్టం తగిలి పుండు రేగుతుంది, రక్తం ఎక్కించి, రక్తం గడ్డకట్టే ఇంజెక్షన్ ఇచ్చి రెండు రోజులు చూస్తే చాలు, అప్పటికీ ఆగకపోతే ఆపరేషనే దిక్కు. ఇది నమ్మి ఎవరైనా ఆసుపత్రికి వెళ్లకుండా ఆగిపోతారేమోనన్న భయంతోనే ఈ సమాధానం రాస్తున్నాను.

మొదటి మాట అబద్ధం కాదు. అల్సర్ నుంచి, అంటే జీర్ణాశయంలోనో చిన్నపేగు మొదట్లోనో పడిన పుండు నుంచి, కారే రక్తం సుమారు 80 శాతం మందిలో దానంతటదే ఆగుతుంది. అయితే మిగిలిన 20 శాతంలో తాను ఉన్నానో లేదో రోగికి తెలిసే మార్గం లేదు. నాడి, రక్తపోటు, రక్త పరీక్షలు చూసి వైద్యుడు ప్రమాదాన్ని అంచనా వేయగలడే గాని పుండు అడుగున ఏముందో చెప్పలేడు. ఆ అడుగు ఎలా కనిపిస్తుందన్న దాన్ని బట్టి పుండ్లను వర్గీకరించే ఫారెస్ట్ పద్ధతి 1974 నుంచి వాడుకలో ఉంది. అడుగు తెల్లగా, శుభ్రంగా ఉంటే మళ్లీ రక్తం కారడం అరుదు కాబట్టి అలాంటి రోగిని త్వరగానే ఇంటికి పంపవచ్చు. రక్తం ఇంకా చిమ్ముతున్నా, లేదా ఆగిపోయినట్టు కనిపిస్తూనే రక్తనాళం మొటిమలా పైకి తేలి ఉన్నా, చికిత్స చేయకుండా వదిలేస్తే ఇంచుమించు సగం మందిలో రక్తస్రావం ఆగకపోవడమో, మళ్లీ మొదలవడమో జరుగుతుంది. కాలేయం గట్టిపడిన వారిలో ఆహారనాళపు సిరలు ఉబ్బి పగిలినప్పుడైతే ఈ 80 శాతం లెక్క అసలు వర్తించదు.

ఎండోస్కోపీ చూడటానికే అన్నది పూర్తిగా తప్పు. ఎండోస్కోపు లోపల పరికరాలు పంపడానికి సన్నని దారి ఒకటి ఉంటుంది. దాని గుండా సూది పంపి, పదివేల వంతులకు పలుచన చేసిన అడ్రినలిన్‌ను పుండు చుట్టూ ఎక్కిస్తే కణజాలం ఉబ్బి రక్తనాళాన్ని నొక్కుతుంది, నాళం కూడా ముడుచుకుంటుంది. ఈ ప్రభావం కొద్దిసేపే ఉంటుంది కనుక, అడ్రినలిన్ ఒక్కదానితో సరిపెట్టకుండా రెండో పద్ధతిని జోడించడం నేటి నియమం. ఆ రెండోది చిన్న లోహపు క్లిప్పుతో నాళాన్ని బిగించడం కావచ్చు. గాయం మానాక క్లిప్పు ఊడి విరేచనంతో పోతుంది. లేదా వేడి పరికరంతో ముందు నాళాన్ని గట్టిగా అదిమి, తరువాత వేడి చేయడం కావచ్చు. అప్పుడు నాళపు గోడలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఉబ్బిన ఆహారనాళపు సిరలకు రబ్బరు బ్యాండు వేస్తారు, జీర్ణాశయపు పైభాగంలోని సిరలకైతే సయనోయాక్రిలేట్ జిగురు ఎక్కిస్తారు. వేడి చేసేటప్పుడు గోడకు రంధ్రం పడే ప్రమాదం అసలు లేదని నేను అనను. అది అరుదు, ఆగని రక్తస్రావంతో పోలిస్తే చిన్నది. గొట్టం తగిలి పుండు రేగుతుందన్న భయానికి మాత్రం ఆధారం లేదు.

ఇంజెక్షన్ విషయంలో సందేశం చెప్పింది అపాయకరం. రక్తపు గడ్డ కరిగిపోకుండా చూసే ట్రానెగ్జామిక్ ఆమ్లం అనే మందును 12,009 మంది రోగులలో పరీక్షించిన హాల్ట్-ఇట్ అధ్యయనం 2020లో వెలువడింది: రక్తస్రావపు మరణాలు తగ్గలేదు, సిరల్లో గడ్డలు కట్టడం మాత్రం పెరిగింది. రక్తం ఎక్కువ ఎక్కిస్తే మంచిదన్న నమ్మకమూ నిలవలేదు. ధారాపాతంగా కారుతున్న వారిని మినహాయించి 921 మందిపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, హీమోగ్లోబిన్ 7 కంటే తగ్గినప్పుడే రక్తం ఎక్కించిన వారిలో ఆరు వారాలకు 95 శాతం మంది బతికి ఉండగా, 9 కంటే తగ్గగానే ఎక్కించిన వారిలో 91 శాతం మందే బతికారు. జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గించే మందులు నిజంగా అవసరమే, ఎందుకంటే జఠరరసం రక్తపు గడ్డను కరిగిస్తుంది. అయితే అవి ఎండోస్కోపీకి తోడు, దాని స్థానంలో వాడేవి కావు.

ఆపరేషన్ గురించి: ఎండోస్కోపీ తరువాత మళ్లీ రక్తం కారిన అల్సర్ రోగులపై హాంకాంగ్‌లో జరిపిన అధ్యయనం 1999లో వచ్చింది. రెండోసారి ఎండోస్కోపీ చికిత్స పొందిన 48 మందిలో 35 మందికి రక్తస్రావం శాశ్వతంగా అదుపులోకి వచ్చింది. ఉపద్రవాలు వారిలో 7 మందికి రాగా, ఆపరేషన్ జరిగిన 44 మందిలో 16 మందికి వచ్చాయి. అంటే మొదటి ప్రయత్నం విఫలమైన చోట కూడా కత్తి చివరి మార్గమే.

ఇక రెండు రోజులు వేచి చూడటం. ముందు సెలైనుతో, అవసరమైతే రక్తంతో రోగిని నిలబెట్టి, 24 గంటలలోపు ఎండోస్కోపీ చేయాలి. సిరలు పగిలినట్టు అనుమానముంటే 12 గంటలలోపే చేయాలి. అల్సర్ నుంచి రక్తం మళ్లీ కారడం ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే జరుగుతుంది కనుక, ప్రమాదకరమైన పుండుకు చికిత్స చేశాక 72 గంటలు ఆసుపత్రిలోనే ఉంచి ఆమ్ల నిరోధక మందు ఇస్తారు. వేచి చూడమని సందేశం చెబుతున్న రెండు రోజులూ సరిగ్గా ఆ గడువులోనివే.