కొండ మాకు, కృతజ్ఞతలు మీకు

ఈ మధ్య అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో చాలా సభలు ఒక పవిత్రమైన తంతుతో మొదలవుతున్నాయి. నిర్వాహకుడు గొంతు సవరించుకుని, తాము సమావేశమైన నేల ఫలానా ఆదివాసులదని గుర్తుచేసి, వారి పూర్వీకులకు నమస్కరించి, మరుక్షణమే కార్యక్రమంలోని రెండో అంశానికి వెళ్లిపోతాడు. ఇంత చవకైన ప్రాయశ్చిత్తం ఏ ధర్మశాస్త్రానికీ తట్టకపోవడం ఆశ్చర్యమే.

నాకైతే ఒక గృహస్థు కళ్ల ముందు మెదులుతాడు. తాత కబ్జా చేసిన ఇంట్లో విందు ఇస్తూ, అసలు యజమాని మనవడిని పిలిపించి, శాలువా కప్పి, "ఈ ఇల్లు మీ తాతగారిదని చెప్పుకోవడానికి గర్విస్తున్నాను" అంటాడు. అతిథులు కళ్లు తుడుచుకుంటారు. హాల్లో ఆ అసలు యజమాని పటం కూడా ఉంది. దాన్ని తగిలించిన మేకు సైతం ఆయన తన చేత్తో గోడకు కొట్టుకున్నదేనని గృహస్థు వినయంగా ఒప్పుకుంటాడు. మనవడు తాళంచెవి మాట ఎత్తబోయేసరికి, వడ్డన మొదలైందని ఎవరో కేకేస్తారు. భోజనమయ్యాక, పోతూ పోతూ గేటు వేసి వెళ్లమని అతనికే పురమాయిస్తారు.

ఆ సభల వారిని మరీ నిలదీస్తే, అప్పటికి మేము పుట్టనేలేదంటారు. నేరానికి అందకుండా పుట్టిన ఈ పెద్దమనుషులు వారసత్వానికి మాత్రం ఒక్క గడియ కూడా ఆలస్యం చేయలేదు.

అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో ఉన్న బ్లాక్ హిల్స్ కొండల సంగతే చూడండి. ఆ కొండలు సూ అనే ఆదివాసీ జాతివారివేనని 1868లో ఫోర్ట్ లారమీ ఒప్పందంపై సంతకం చేసిన ప్రభుత్వం, 1874లో బంగారం జాడ కనిపించగానే మాట తప్పి, 1877లో చట్టం చేసి మరీ లాక్కుంది. తర్వాత 1927 నుంచి 1941 దాకా అక్కడి ఒక కొండను తొలిచి, నలుగురు అధ్యక్షుల ముఖాలను 60 అడుగుల ఎత్తున చెక్కారు. దొంగిలించిన గిన్నె మీద పేరు కొట్టించుకోవడమంటే ఇదే. పరిహారం చెల్లించకుండా తీసుకున్నారని 1980లో సుప్రీంకోర్టు తేల్చి, 1 కోటి 71 లక్షల డాలర్లకు 1877 నుంచి వడ్డీ కట్టి ఇమ్మంది. పేదరికంలో మగ్గుతూ కూడా సూ ప్రజలు ఆ సొమ్ము ముట్టలేదు. అమ్మకానికి పెట్టని కొండకు వెల కట్టడానికి మీరెవరు? నూరేళ్ల తర్వాత వడ్డీ లెక్క చూపించడానికి సిగ్గుండాలి.

మా ఇళ్లు ఖాళీ చేసి ఎక్కడికి పోవాలని గుండెలు బాదుకునేవారు కంగారు పడనక్కరలేదు. 1985లో సెనేటర్ బిల్ బ్రాడ్లీ పెట్టిన బిల్లు ప్రైవేటు ఆస్తుల జోలికి పోలేదు, చెక్కిన ముఖాల జోలికీ పోలేదు. ఆ కొండల్లో కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉన్న భూమిని మాత్రమే తిరిగి ఇమ్మంది. అది ఓటింగు దాకా కూడా రాలేదు. సభకు ముందు నమస్కారాలు చదివే ఆచారం అప్పటికింకా అక్కడ రాలేదు గనుక, పాపం, సూ ప్రజలకు ఆ చప్పట్లైనా దక్కలేదు.