లూడో యాప్ గారికి, తొండి ఆడనివ్వనందుకు

మహారాజశ్రీ లూడో యాప్ గారి దివ్యసముఖానికి తిరుపతి, కొర్లగుంట నుంచి నమస్కరించి రాయునది. మేమిక్కడ క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు, నిన్న మధ్యాహ్నం మా హాల్లో ప్రతి చేతిలోనూ కులాసాగా వెలుగుతూ కనిపించారు.

గంగజాతరకి చుట్టాలందరూ దిగారు. చాటింపు వేశాక ఊరివాళ్ళు పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదంటారు కదా, మా వాళ్ళు ఎటూ కదలకుండా దొరికేది ఏడాదికి ఈ ఒక్క వారమే. అంబలి తాగి, ఎండకి భయపడి అందరూ లోపలే ఉన్నారు కదా అని గచ్చు మీద సుద్దముక్కతో అష్టాచెమ్మా గీశాను. నిలువు ఐదు గళ్ళు, అడ్డం ఐదు, ఇంటూ గుర్తులతో సహా. అవ్వ పెట్టెలోంచి గవ్వలు కూడా తీశాను. మా చిన్నాయన మనవడు వచ్చి సరిగ్గా దాని మీదే కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. తల ఎత్తకుండా "అత్తా, రూమ్ కోడ్ పంపు" అన్నాడు.

తర్వాత సాయంత్రం దాకా ఒక్క అరుపు లేదు. మా ఇంట్లో! పక్కింటావిడ కంగారుపడి వచ్చి చూసి వెళ్ళింది.

తమరి వంశం మాకు తెలియనిదేం కాదు. పచ్చీసుని సీమకి తీసుకెళ్ళి, గవ్వలు తీసేసి పాచిక పెట్టి, 1896లో ఇంగ్లండులో పేటెంటు చేయించుకుంటే తమరయ్యారు. ఫతేపూర్ సిక్రీలో అక్బరు కాలంనాటి పచ్చీసు పటం రాతి నేల మీద ఇప్పటికీ ఉంది. అంటే తమరు మా ఇంటి ఆడపడుచే, అత్తారింటికి వెళ్ళి ఫోన్లో కూర్చుని తిరిగొచ్చారు. వచ్చినావిడ వచ్చినట్టు ఉండొచ్చుగా? కాయ ఇంకో గడిలో పండుతుందనగా, అప్పు ఇస్తాం తీసుకోమని ప్రకటన వేస్తారు. మంచినీళ్ళకి లేస్తే నా పందెం మీరే వేసేస్తారు. నెట్ పోతే నా బదులు ఎవరో బాట్ ఆడతాడట, వాడు మా చుట్టమా పక్కమా?

పోనీ ఇవన్నీ వదిలేస్తాను. వదల్లేనిది ఒకటే. తమరి దగ్గర తొండి ఆడే వీల్లేదు.

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, బోర్లా పడితే అష్టా, రెంటికీ ఇంకో పందెం. రూలు అదీ. మా ఇంట్లో ఆడింది మాత్రం వేరే. చిన్నాయన కొడుకు గవ్వల్ని వేళ్ళ సందుల్లో పేర్చుకుని, నేలకి జానెడు ఎత్తు కూడా లేకుండా మెల్లిగా జారవిడిచేవాడు. పెద్దమ్మ కూతురు అవసరాన్ని బట్టి ఒకసారి తానున్న గడి నుంచే ఒకటి అని లెక్క మొదలుపెట్టేది, ఇంకోసారి పక్క గడి నుంచి. గవ్వ గోడకి ఆనుకుని నిలబడితే ఆ పందెం చెల్లుతుందా లేదా అనేది, వేసింది ఎవరో చూశాకే మా బావ తేల్చేవాడు. కరెంటు పోయి వచ్చేసరికి పటం మీద కాయలన్నీ ఏవేవో యాత్రలు చేసి ఉండేవి.

అందర్లోకీ ఘరానా దొంగ మా అవ్వ. "నాకు కండ్లు ఆనవు కదరా నాయనా" అంటూ నాలుగు గళ్ళు జరపాల్సిన కాయని ఐదు జరిపేది. అదే అవ్వ మిద్దె మీద నిలబడి, కింద ఎండబోసిన చింతపండులో ఎవడు చెయ్యి పెట్టాడో పేరు పెట్టి మరీ చెప్పేది. పట్టుకుంటే వక్క నములుతూ "అట్లనా?" అనేది, అంతే. కాయ మాత్రం వెనక్కి వచ్చేది కాదు.

అసలు ఆట అక్కడ మొదలయ్యేది. జుట్లు పట్టుకోవడం, గవ్వలు పెరట్లోకి విసిరేయడం, అమ్మతోడు, దేవునితోడు, ఏదీ తేలకపోతే ఆఖరి అస్త్రం, "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్ళకి ఈ మాట బరువు చెప్పక్కర్లేదు, పెద్దవాళ్ళు అప్పుల తగాదాలూ పొలం తగాదాలూ తేల్చుకోవడానికి పోయే చోటు అది. ఆ పేరు వినగానే బావ మొహం మాడిపోయేది, నోరు మూసుకుని కాయని ఒక గడి వెనక్కి జరిపేవాడు. పాపం స్వామికి తెలియకుండానే ఆయన పేరు మీద మా హాల్లో ఎన్ని కేసులు కొట్టేశారో. ఎంత ఓడినా తొండి ఆడనిది మా ఆఖరి చెల్లెలు ఒక్కతే, అందరం దాన్ని చేతగానిదని ఎగతాళి చేసేవాళ్ళం. తాతగారి ఆస్తి పంచుకున్నప్పుడు, కాగితాలు దాని దగ్గరే ఉండాలని మొదట అన్నది మా బావే!

ఇప్పుడు నువ్వొచ్చావు. (మీరు, తమరు అనడం ఇక నా వల్ల కాదు.) లెక్క నువ్వే పెడతావు, కాయ నువ్వే జరుపుతావు, చచ్చిందో బతికిందో నువ్వే చెబుతావు. పోనీ నువ్వేమైనా హరిశ్చంద్రుడివా అంటే అదీ నమ్మకం లేదు! నా కాయ పండటానికి ఒకటి కావాలంటే ఐదులూ మూడులూ దొర్లిస్తావు, నా వెనక వాడికి మాత్రం నన్ను చంపడానికి ఎంత కావాలో సరిగ్గా అంతే పడుతుంది. మా ఇంటిల్లిపాదీ పంచుకు తిన్న తొండి మొత్తం నువ్వొక్కడివే గుత్తకి తీసుకున్నావు. మా అవ్వ మోసం చేస్తే ఒళ్ళో పడి ఆవిడ చెయ్యి విప్పి చూసేవాళ్ళం. నీకు చెయ్యేది? జుట్టేది? ఎవర్ని పట్టుకుని కొట్లాడాలి నేను, ఛార్జర్‌నా?

నీ తమ్ముళ్ళు పులిజూదం, వామనగుంటలు కూడా యాపులై తిరుగుతున్నారట. ఈ ఉత్తరం వాళ్ళకీ చదివి వినిపించు.

అన్నట్టు నిన్నటి ఆటలో నాలుగో ఆటగాడు ఒకడు ఉన్నాడు చూడు, గెస్ట్ అని. మా పిల్లల్లో ఎవరో అనుకుని మేం పట్టించుకోలేదు. ఆ గెస్ట్ మమ్మల్నందర్నీ చంపుతూ, బెంగళూరులో లీవు దొరక్క రాలేకపోయిన మా బావ కాయల్ని మాత్రం తాకకుండా పక్కనుంచి పోతున్నాడు. రాత్రి వీడియో కాల్‌లో బావ కూతురు నోరు జారింది, "పిన్నీ, నాన్న రెండు ఫోన్లు పట్టుకుని ఆడతాన్నాడు" అని. అప్పుడు పేలింది మా హాలు! చిన్నాయన కొడుకు లేచి నిలబడి ఫోన్లోకే తిట్లు మొదలుపెట్టాడు, పెద్దమ్మ కూతురు నవ్వాపుకోలేక మంచం మీద పడిపోయింది, పిల్లలు ఫోన్లు పక్కన పడేసి మా వంక నోళ్ళు తెరుచుకుని చూశారు. ఇంత పకడ్బందీగా కట్టిన నిన్నే బోల్తా కొట్టించాడంటే, తప్పో ఒప్పో గానీ వాడు మా అవ్వ మనవడే.

ఈ ఆదివారం బావని ప్రమాణానికి కాణిపాకం రమ్మన్నాం, వస్తానన్నాడు. నువ్వూ రా. నీ పాచిక ఎవరి వైపూ మొగ్గకుండా పడుతుందని స్వామి ముందు చెప్పి పో. ముందు కోనేట్లో మునగాలి, తడిస్తే పాడైపోతానని సాకులు చెప్పకు.